పాల లెక్కలు, తల్లి స్వభావం

మా పెద్దమ్మాయి 2016 జూలైలో చెన్నైలో పుట్టింది. పుట్టిన మూడో రోజు నుంచి నలభయ్యో రోజు వరకు నేను రాసిన నోటుపుస్తకం ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉంది. ప్రతి పేజీలో నాలుగు నిలువు గడులు గీసుకున్నాను: వేళ, ఎడమా కుడా, ఎన్ని నిమిషాలు, కక్కిందా లేదా. పదకొండో రోజు పేజీలో "తెల్లవారుజామున 3.10, ఎడమ, 7 నిమిషాలు" అని రాసి, ఆ ఏడు చుట్టూ కాగితం చిరిగేంత గట్టిగా సున్నా చుట్టాను. పది నిమిషాలు తాగాల్సిన పిల్ల ఏడు నిమిషాలకే నిద్రపోయిందన్న భయమంతా ఆ సున్నాలో ఉంది. ఆ పది నిమిషాల నియమాన్ని ఏ డాక్టరూ నాకు చెప్పలేదు. నాకు నేనే పెట్టుకున్నాను.

అంబత్తూరులో ఒక కంపెనీ లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను. పుస్తకంలో ఒక్క రూపాయి తేడా వచ్చినా అది తేలేదాకా నాకు నిద్ర పట్టదు. దానికి తోడు, కొత్తవాళ్ల ముందు కూర్చోవాలంటే చిన్నప్పటి నుంచీ బిడియం. పెద్దమ్మాయికి రెండో నెల నిండకముందే డబ్బాపాలు ఎందుకు మొదలుపెట్టావని ఎవరడిగినా "నాకు పాలు చాల్లేదు" అని చాలా ఏళ్లు చెప్పాను, అది నిజమేనని నమ్మాను కూడా. చిన్నమ్మాయి పుట్టాక, ఆ పుస్తకాన్ని మళ్లీ తీసి నిదానంగా చదివినప్పుడు, అక్కడ తక్కువైంది పాలు కావని, నా స్వభావానికి తగిన సాయం నాకు అందలేదని అర్థమైంది. పాలిచ్చే విషయంలో తల్లి తీసుకునే నిర్ణయాల వెనక ఆమె చదివిన సమాచారం కంటే, విన్న సలహాల కంటే, ఆమె స్వభావం బలంగా పనిచేస్తుందని నేను నమ్ముతున్నాను. ఆ స్వభావాన్ని లెక్కలోకి తీసుకోకుండా చెప్పే సలహా, ఎంత మంచిదైనా, ఆ తల్లికి ఉపయోగపడదు.

తల్లిపాల వెనక ప్రధానంగా రెండు హార్మోన్లున్నాయి. ప్రొలాక్టిన్ పాలను తయారుచేస్తుంది. ఆక్సిటోసిన్ తయారైన పాలను బయటికి రప్పిస్తుంది. ఈ రెండో పనికి పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్న మాట చేపడం. దూడ వచ్చి పొదుగు కుమ్మితే గేదె చేపుతుంది. పక్కన పరాయి మనిషి నిలబడితే, కుక్క మొరిగితే, బెదిరి చేపడం మానేస్తుంది. నెల్లూరు దగ్గర పల్లెలో పాడి చేసిన మా అమ్మకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేని విషయం. ఆందోళన, నొప్పి, సిగ్గు ఆక్సిటోసిన్ విడుదలను తాత్కాలికంగా అడ్డుకుంటాయని వైద్యులు చెప్పేదీ ఇదే. పాలు ఉంటాయి, రావు. బిడ్డ ఏడుస్తుంది, ఆ ఏడుపు విని తల్లి ఇంకా బెదురుతుంది, ఆ బెదురుకు పాలు ఇంకా ఆగిపోతాయి. కంగారు మనిషికి "కంగారుపడకు, పాలు ఆగిపోతాయి" అని చెప్పడం ఎంత క్రూరమో ఆ రోజుల్లో తెలిసింది. అప్పటిదాకా పిల్ల గురించే ఉన్న భయానికి, నా భయం గురించిన భయం కూడా తోడైంది.

మాది విల్లివాక్కంలో ఒకే పడకగది ఉన్న ఫ్లాటు. పురిటికి పుట్టింటికి వెళ్లకుండా, అమ్మనే ఇక్కడికి రప్పించుకున్నాం. బిడ్డను చూడడానికి వచ్చే మా వాళ్లు "పాలు పడ్డాయా?" అని అడిగేవారు, ఎదురింటి పెద్దావిడ తమిళంలో "పాల్ పత్తలయా?" అని అడిగేది. రెండూ ప్రేమతో అడిగిన ప్రశ్నలే. నాకు మాత్రం రెండూ పరీక్షలో ఫలితం అడిగినట్టుండేవి. హాల్లో మనుషులు కూర్చుని ఉంటే పిల్లను తీసుకుని పడకగదిలోకి వెళ్లి తలుపు వేసుకునేదాన్ని. బయట నవ్వులు వినిపిస్తూ ఉంటే పాలు చేపేవి కావు. పాలసీసా ఇచ్చిన సుఖం అక్కడే మొదలైంది. దానిమీద గీతలుంటాయి. అరవై మిల్లీలీటర్లు కలిపితే నలభై తాగిందో, యాభై తాగిందో కంటికి కనిపిస్తుంది. పదిమందిలో పట్టవచ్చు. లెక్క తేలితే తప్ప ఊపిరాడని మనిషికి, సిగ్గరికి, ఆ గీతలు ఎంత ఊరటనిస్తాయో నాకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

నిజానికి మొదటి సీసా నేను పట్టింది కాదు. కాన్పయిన ఆసుపత్రిలో తొలిరాత్రే ఒక నర్సు, నన్ను అడగకుండా, పిల్లకు పాలపొడి కలిపి పట్టింది. "మీరు నిద్రపోండమ్మా, మీకింకా పాలు రాలేదు" అంది. మొదటి రెండు మూడు రోజులు వచ్చే ముర్రుపాలు చెంచాల లెక్కలోనే ఉంటాయనీ, అప్పుడే పుట్టిన బిడ్డకు అవే సరిపోతాయనీ ఆమె చెప్పి ఉంటే, నా పుస్తకంలో మొదటి పేజీ వేరుగా ఉండేది. మన దేశంలో 1992 నుంచి పాలపొడికీ పాలసీసాలకూ ప్రకటనలివ్వడాన్ని, ఉచితంగా నమూనాలు పంచడాన్ని నిషేధించే చట్టం ఉంది. 2003లో దాన్ని ఇంకా బిగించారు. ఆ చట్టం ఎంత అవసరమో నాకు తెలుసు, ఎందుకంటే "మీకు పాలు చాలవు" అన్న ఒక్క మాట ధైర్యస్తురాలి చెవిన పడితే జారిపోతుంది, నాలాంటిదాని చెవిన పడితే నాటుకుపోతుంది.

బ్రిటన్‌లో స్వాన్సీ విశ్వవిద్యాలయానికి చెందిన ఏమీ బ్రౌన్, ఆరు నెలల నుంచి ఏడాది వయసున్న పిల్లల తల్లులు 602 మందిని ప్రశ్నించి, వారి వ్యక్తిత్వానికీ పాలిచ్చిన కాలానికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించారు. నలుగురిలో కలుపుగోలుగా ఉండేవారు, మనసు నిబ్బరం ఉన్నవారు, పట్టుదలగా పనిచేసేవారు ఎక్కువకాలం తల్లిపాలు ఇచ్చారు. బిడియస్తులు, ఆందోళనపరులు త్వరగా పోతపాలకు మారారు. బిడియస్తులకు ఇతరుల ముందు పాలివ్వడానికి మొహమాటం ఎక్కువ. వేరొకరు డబ్బాపాలు పట్టమంటే కాదనలేకపోవడమూ ఎక్కువే. ఇది చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. నేను పనికిరాని తల్లిని కాదనీ, నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారనీ ఒక పరిశోధన చెప్పినట్టయింది. అది బ్రిటన్ తల్లుల సంగతి కాబట్టి మనకు ఉన్నదున్నట్టు వర్తించకపోవచ్చు. పట్టుదల ఉన్నవారు ఎక్కువకాలం ఇచ్చారన్న మాట నా విషయంలో తిరగబడింది కూడా. నా పట్టుదలంతా గడియారం మీదికి వెళ్లిపోయింది.

గడియారం చూసి పాలివ్వడం కొత్త సంగతి కాదు. 1907లో న్యూజిలాండులో ప్లంకెట్ సొసైటీని స్థాపించిన ట్రూబీ కింగ్ అనే డాక్టరు నాలుగు గంటలకొకసారే పాలివ్వాలని, రాత్రిళ్లు ఇవ్వకూడదని ప్రచారం చేశారు; ఆ పద్ధతి అనేక దేశాలకు పాకింది. నా పుస్తకంలాంటి పుస్తకమే ఒక తరం తల్లుల నెత్తిన నియమమై కూర్చుందన్నమాట. ఇప్పుడు వైద్యులు చెప్పేది వేరు. మొదటి వారాల్లో రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, బిడ్డ అడిగినప్పుడల్లా ఇవ్వాలి. అడగడమంటే ఏడవడం కాదు. తల అటూ ఇటూ తిప్పి రొమ్ము కోసం వెతకడం, చెయ్యి నోట్లో పెట్టుకోవడం, పెదవులు చప్పరించడం. ఏడుపు చివరి గుర్తు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు గానీ, పిల్ల అడుగుతూనే ఉంది, నేను గడియారం వైపు చూస్తూ ఉన్నాను.

మా తోడికోడలు నాకు పూర్తిగా వ్యతిరేకం. నాకంటే ఎనిమిది నెలలు వెనక ఆమెకు కొడుకు పుట్టాడు. కోయంబేడు బస్టాండులో బెంచీ మీద కూర్చుని, చున్నీ కప్పుకుని, పక్కావిడతో కబుర్లు చెబుతూ పాలిచ్చేది. 2015 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం బస్టాండుల్లో తల్లులు పాలివ్వడానికి గదులు ఏర్పాటు చేసింది. ఆమెకు ఆ గదితో పనిలేదు. నా విషయంలో అది లేకపోతే ప్రయాణమే లేదు. సంకోచించే తల్లిని సంకోచం మానమనడం కంటే ఆమెకొక తలుపు, ఒక గడియ ఇవ్వడం మేలని ఎవరో గుర్తించినందుకు నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని. అయితే మా తోడికోడలి నిదానానికీ ఒక లోటుంది. ఆరు నెలలు నిండాక తల్లిపాలతోపాటు మెత్తని అన్నం, పప్పు మొదలుపెట్టాలి. మన అన్నప్రాశన వేళ కూడా ఇంచుమించు అదే. "వాడే అడుగుతాడులే అక్కా" అంటూ ఆమె తొమ్మిదో నెల దాకా లాగింది. బరువు చూపించే రోజులు మరిచిపోయింది. పిల్లవాడు బరువు పెరగడం ఆగిపోయిందని తెలిసినప్పుడు, ఆమె నా దగ్గరికొచ్చి ఏ రోజు ఏం పెట్టాలో పట్టిక రాయించుకుంది.

అలాగే మా అమ్మ ధైర్యం కూడా. అమ్మ నిబ్బరమే నన్ను నిలబెట్టింది, నిజమే. ఆ నిబ్బరంతోనే ఇరవయ్యో రోజున పిల్ల నాలుక మీద తేనె రాయబోయింది. ఏడాది లోపు పిల్లలకు తేనె వల్ల బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది, ఇవ్వకూడదు. నా భయం ఆ రోజు పనికొచ్చింది.

అమ్మ వస్తూ వస్తూ మా అమ్మమ్మ నాటి వెండి ఉగ్గుగిన్నె తెచ్చింది. తమిళులు దాన్ని పాలాడై అంటారు. ఇక్కడి ఆసుపత్రుల్లో నెలలు నిండని బిడ్డలకు ఇప్పటికీ దానితోనే పాలు పడతారు. అరచేతిలో ఇమిడే గిన్నె, ఒక పక్క కోసుగా సాగిన మూతి. నేను సెలవు ముగిసి ఆఫీసుకు వెళ్లాక, పిండి ఉంచిన పాలను రాత్రిపూట మా ఆయన దానితో పట్టేవారు. పిల్లను ఒళ్లో కొంచెం నిటారుగా కూర్చోబెట్టుకుని, గిన్నె మూతిని కింది పెదవి చివర ఆనించి, పాలు పెదవికి తగిలేంత మాత్రమే వంచి, ఆగేవారు. పిల్ల నాలుక ముందుకొచ్చి పాలను అందుకునేది. గుటక పడిన చప్పుడు విన్నాకే మళ్లీ వంచేవారు. మధ్యలో పిల్ల కళ్లు తిప్పి ఫ్యాను వైపు చూస్తే, చూడనిచ్చేవారు. ఒక్కోసారి ముప్పావుగంట. అదే గిన్నె నా చేతిలో ఉంటే పది నిమిషాల్లో అయిపోయేది, సగం పాలు మెడ మీదుగా జుబ్బాలోకి కారేవి. గిన్నె ఒకటే, పాలూ అవే. ఇంట్లో ఎవరి స్వభావానికి ఏ పని తగునో అప్పుడు తెలిసింది. తండ్రి నిదానం కూడా బిడ్డ ఆహారంలో భాగమే.

అన్నం తినిపించే రోజులు వచ్చాక నా లెక్క నిమిషాల నుంచి చెంచాలకు మారింది. పన్నెండు చెంచాలు. తొమ్మిదో చెంచాకు పిల్ల పెదవులు బిగించి ముఖం తిప్పుకుంటే, బుగ్గ నొక్కి పదో చెంచా పెట్టాను. ఈ మాట రాయడానికి నాకు కష్టంగానే ఉంది. న్యూయార్క్‌లో 1956లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే వైద్య దంపతులు పసిపిల్లల స్వభావాల మీద దీర్ఘకాల అధ్యయనం మొదలుపెట్టి, తేలిగ్గా సర్దుకునే పిల్లలు, కష్టపెట్టే పిల్లలు, నెమ్మదిగా అలవాటుపడే పిల్లలు అని గుర్తించారు; ఏ కోవకూ చెందని పిల్లలు మూడో వంతుకు పైనే ఉన్నారు. తల్లిదండ్రుల తీరుకూ పిల్ల స్వభావానికీ పొసగడమే అసలు విషయమని వారు చెప్పారు. మా పెద్దది నెమ్మదిగా అలవాటుపడే పిల్ల. కొత్త రుచిని నాలుగైదు రోజులు నాలుకతో తోసి, ఆ తరవాత ఇష్టంగా తినేది. నా తొందర ఆ నాలుగు రోజులూ ఆగలేకపోయింది.

2019లో చిన్నమ్మాయి పుట్టినప్పుడు నేను ఆరు నెలలు తల్లిపాలే ఇచ్చాను. స్వభావం మారిపోయిందని అనుకోవద్దు. పెద్దదాని వేళకు నాకున్న ప్రసూతి సెలవు 12 వారాలు, అందులో రెండు కాన్పుకు ముందే అయిపోయాయి; 2017 సవరణతో అది 26 వారాలైంది. మొదటిసారి నాలుగో వారం నుంచే ఆఫీసుకు వెళ్లే రోజు లెక్కపెట్టుకున్నాను, రెండోసారి ఆ లెక్క లేదు. సగం భయం నా నరాల్లో ఉంటే, సగం ఆ సెలవు ఉత్తర్వులో ఉండింది.

ఒక్క విషయం మాత్రం కలపకూడదు. స్వతహాగా భయస్తురాలు కావడం వేరు, కాన్పు తరవాత జబ్బు పడడం వేరు. కాన్పయిన కొద్ది రోజులకు వచ్చే ఏడుపు, దిగులు సాధారణంగా రెండు వారాల్లో తగ్గుతాయి. తగ్గకపోయినా, బిడ్డ నిద్రపోతున్నా తల్లికి నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదనిపించినా, "దాని స్వభావమే అంత" అని ఇంట్లోవాళ్లు వదిలేయకూడదు. వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు పెరంబూరులో ఉంటున్న మా చెల్లెలికి ఏడో నెల. అదీ నా వంటిదే, తలుపు గడియ రెండుసార్లు చూస్తే గానీ పడుకోదు. "అక్కా, నాకు పాలు చాలతాయా?" అని అడిగింది. చాలతాయని చెప్పలేదు. మొదటి రెండు వారాలు చుట్టాలెవరు వచ్చినా మరిదిగారే తలుపు దగ్గర మాట్లాడి పంపేలా, బిడ్డ బరువు డాక్టరు చెప్పిన రోజుల్లో తప్ప చూడకుండా, కాన్పు గదిలోనే "నన్నడగకుండా సీసా పట్టవద్దు" అని అమ్మ చెప్పేలా ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. చివర్లో, నా నోటుపుస్తకం ఇమ్మంది. ఖాళీ పేజీలు చాలానే మిగిలాయి. ఇచ్చాను, అయితే నాలుగు గడులు వద్దన్నాను. అయిదో రోజు దాటాక, పాలు తప్ప ఇంకేమీ పట్టని బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చపోస్తే పాలు అందుతున్నట్టే. రాయకుండా ఉండలేదు కాబట్టి అదొక్కటే రాసుకోమన్నాను. అది స్కేలు తెచ్చుకుని, నా చివరి పేజీకి ఎదురుగా ఒకే ఒక్క గడి గీసి, పైన "తడిసిన గుడ్డలు" అని రాసింది.