ఇంటిపేరు ఒకటే, కొలువులు వేరు

కేంబ్రిడ్జికి దక్షిణాన హింక్స్‌టన్ అనే చిన్న పల్లె ఉంది. దాన్ని ఆనుకొని ఉన్న యూరోపియన్ బయోఇన్ఫర్మేటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో నేను క్యూరేటర్‌ని. అంటే పరిశోధన పత్రాలు చదివి, ఏ ప్రోటీన్ ఏ పని చేస్తుందో యూనిప్రాట్ డేటాబేస్‌లో ఎక్కించే ఉద్యోగం. ఇలా మనుషులు సరిచూసినవి అందులో సుమారు 5.7 లక్షలే. మిగిలినవి కోట్లలో ఉన్నాయి. వాటి గురించి తెలిసింది అమైనో ఆమ్లాల వరుస మాత్రమే కాబట్టి, తెలిసిన ప్రోటీన్లతో ఆ వరుసకున్న పోలికను బట్టి కంప్యూటరే వాటి పనిని ఊహిస్తుంది.

ఆ ఊహ చాలావరకు నిలబడుతుంది. నిలబడని చోటును కొత్తగా చేరినవాళ్ళకు చూపించడానికి నేను రెండు వరుసలను తెర మీద ఒకదాని కింద ఒకటి పెడతాను: పైన కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్, కింద పాలలోని ఆల్ఫా లాక్టాల్బుమిన్. ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో అక్షరం రాస్తే, సుమారు 40 శాతం అక్షరాలు కలుస్తాయి, ఆ గొలుసు ముడుచుకునే ఆకారం కూడా దాదాపు ఒకటే. అయినా మొదటిది బాక్టీరియా గోడను తెగ్గొడుతుంది. రెండోది దేన్నీ తెగ్గొట్టదు, పాలలోని చక్కెర తయారయ్యేటప్పుడు మరో ఎంజైమ్‌కు తోడు నిలుస్తుంది. లైసోజైమ్ 35వ స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లం లేనిదే ఆ కోత సాగదు. లాక్టాల్బుమిన్‌లో సరిగ్గా ఆ చోటనే అక్షరం మారిపోయింది. పాస్‌పోర్టు పుణ్యమా అని ఇక్కడ అందరూ నన్ను ఇంటిపేరుతోనే పిలుస్తారు కనుక, ఇంటిపేరు కలిసినంత మాత్రాన అన్నదమ్ములు ఒకే కొలువు చేయరని చెబితే వాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది.

వచ్చిన కొత్తలో నాకు మింగుడుపడనిది మరొకటి. ఖాళీ వదిలితే మార్కులు పోతాయని భయపెట్టిన చదువు మనది. ఇక్కడ ఆధారం లేనప్పుడు గడిని ఖాళీగా ఉంచడమే పనితనం. ఇదే సంస్థలోని పీఫామ్ వారు, అంటే ప్రోటీన్లను కుటుంబాలుగా విడదీసేవాళ్ళు, పని తెలియని కుటుంబాలకు డీయూఎఫ్ (పని తెలియని భాగం అని దాని అర్థం) అని నంబర్లు వేసి, వేల సంఖ్యలో బాహాటంగా పెట్టారు. ఒక తప్పు పేరు ఎక్కిందంటే, దాన్ని పోలిన వరుసలన్నింటికీ అదే పాకి, కొన్నాళ్ళకు వాటినే సాక్ష్యంగా చూపించి మొదటిదాన్ని సమర్థించేవాళ్ళు తయారవుతారు.

2022 నుంచి గూగుల్ వారి ప్రోట్‌ఎన్‌ఎల్‌ఎం అనే కృత్రిమ మేధ యంత్రం, మామూలు పోలికలకు చిక్కని ప్రోటీన్లకు కూడా పేర్లు సూచిస్తోంది. దానికి నేను వ్యతిరేకిని కాను. అన్ని కోట్ల వరుసలు చదవడానికి మా జన్మలు చాలవు. అయితే ఆ సమాచారం ప్రయోగంలో తేలిందో, యంత్రం చెప్పిందో తెలిపే గుర్తు పక్కనే ఉంటుంది. హైదరాబాదు నుంచి సందేహాలు రాసే పరిశోధక విద్యార్థులైనా, ఇక్కడి ల్యాబుల వాళ్ళైనా దాన్ని దాటేసి పేరు మాత్రం తీసుకుపోతారు, అందుకే నా జవాబులు చాలావరకు "ఆ గుర్తు చూశారా అండీ?" అన్న ప్రశ్నతోనే మొదలవుతాయి.