ఎస్‌ఏసీడీ పెట్టారు సరే, మోగుతున్నది ఏ పొర?

ఎస్‌ఏసీడీ అంటే సూపర్ ఆడియో సీడీ, మామూలు సీడీ కంటే మెరుగైన నాణ్యతతో పాటలుండే డిస్క్. దాని హైబ్రిడ్ రకంలో రెండు పొరలుంటాయి. లేబుల్‌కి ఆనుకుని ఉండేది మామూలు సీడీ పొర, దాన్ని చదివేది 780 నానోమీటర్ల లేజర్. డిస్క్ మందంలో సగం దగ్గర, అంటే 0.6 మిల్లీమీటర్ల లోతున ఎస్‌ఏసీడీ పొర ఉంటుంది. దానికి 650 నానోమీటర్ల లేజర్ కావాలి. ఎస్‌ఏసీడీ తెలియని ప్లేయర్‌లో ఈ డిస్క్ పెడితే అది కిక్కురుమనకుండా సీడీ పొరను మోగిస్తుంది. పాట వస్తోంది కదా, మనకి అనుమానం రాదు.

అందుకని ముందు రిసీవర్ (ప్లేయర్ నుంచి శబ్దం అందుకుని స్పీకర్లకి పంపే ఆంప్) డిస్‌ప్లే చూడండి. డీఎస్‌డీ (ఎస్‌ఏసీడీ వాడే డిజిటల్ రూపం) అని గానీ, పీసీఎం (మామూలు సీడీ వాడే రూపం) 88.2 లేదా 176.4 కిలోహెర్ట్జ్ అని గానీ కనిపిస్తే సరే. 44.1 అని ఉంటే మీ చెవికి చేరుతున్నది సీడీ నాణ్యతే. ఎస్‌ఏసీడీ శబ్దం రిసీవర్‌కి చేరకపోతే మామూలుగా కారణం కేబులే. ఆప్టికల్, కోయాక్సియల్ కేబుళ్ల మీద డీఎస్‌డీ పంపడానికి అనుమతి లేదు, అక్కడ చాలా ప్లేయర్లు మౌనంగా ఉండిపోతాయి. హెచ్‌డీఎంఐతోనే పంపాలి, అదీ నేరుగా రిసీవర్‌కి. టీవీకి పెట్టి అక్కణ్ణుంచి ఏఆర్‌సీలో (టీవీ శబ్దాన్ని రిసీవర్‌కి తిప్పి పంపే హెచ్‌డీఎంఐ దారి) తెస్తే మల్టీచానల్ పీసీఎం రాదు. రిసీవర్ పాతదైతే వెర్షన్ చూసుకోండి: డీవీడీ-ఆడియోకి (డీవీడీ మీద మెరుగైన నాణ్యతతో వచ్చే పాటల డిస్క్) హెచ్‌డీఎంఐ 1.1, డీఎస్‌డీకి 1.2 నుంచి వీలుంది.

కొత్తగా కొనేవాళ్లు సోనీ యూబీపీ-ఎక్స్800ఎం2 లాంటిది చూడొచ్చు. ఎస్‌ఏసీడీ, డీవీడీ-ఆడియో, బ్లూరే మూడూ ఆడుతుంది. అయితే దీనికి అనలాగ్ అవుట్‌పుట్ లేదు, కాబట్టి పాత స్టీరియో ఆంప్ ఉన్నవాళ్లకి పనికిరాదు. వాళ్లకి ఆర్‌సీఏ (అనలాగ్ స్టీరియో) అవుట్‌పుట్లున్న డెనాన్, మరాంట్జ్ స్టీరియో ఎస్‌ఏసీడీ ప్లేయర్లు మేలు. ఓప్పో ప్లేయర్లని ఇప్పటికీ పొగుడుతారు, పొగడ్త న్యాయమే. కానీ ఆ కంపెనీ 2018లోనే ప్లేయర్ల తయారీకి స్వస్తి చెప్పింది, రేపు లేజర్ పోతే విడిభాగం వెతుక్కోవాలి.

సోనీ ప్లేయర్లలో మ్యూజిక్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్లేబ్యాక్ లేయర్ ‘సూపర్ ఆడియో సీడీ’ మీద ఉందో లేదో చూడండి. దాని పక్కనే చానళ్ల ఎంపిక ఉంటుంది: డీఎస్‌డీ 2 చానల్, డీఎస్‌డీ మల్టీ. 5.1 అనలాగ్ అవుట్‌పుట్లున్న పాత ప్లేయర్‌లో ముందరి రెండు తీగలే ఆంప్‌కి పెట్టి మల్టీలో వదిలేస్తే వాద్యాలన్నీ వినిపిస్తాయి, గాయకుడి గొంతు మాత్రం దూరంగా, నూతిలోంచి వచ్చినట్టుంటుంది. గొంతు సెంటర్ చానల్‌లో ఉండిపోయింది మరి! రికార్డింగ్ బాగోలేదని డిస్క్‌ని తిట్టకండి, 2 చానల్‌కి మార్చండి.

రెండు పొరల్నీ పోల్చేటప్పుడు ఇంకో చిక్కుంది. డీఎస్‌డీని పీసీఎంగా మారిస్తే చాలా ప్లేయర్లలో శబ్దం 6 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. గట్టిగా వినిపించేదే చెవికి బాగుంటుంది కాబట్టి సీడీ పొరే గెలుస్తుంది. వాల్యూమ్ సమం చేశాకే తీర్పు చెప్పాలి. డీఎస్‌డీని తాకకుండా పంపాలన్న పట్టుదల కూడా నా లెక్కలో అనవసరం. రూమ్ కరెక్షన్, బేస్ సర్దుబాటు చేయడానికి చాలా రిసీవర్లు దాన్ని ఎలాగూ పీసీఎం చేసుకుంటాయి.

డీవీడీ-ఆడియో దగ్గర మోసం ఇంకోరకం. మామూలు డీవీడీ ప్లేయర్ అందులోని వీడియో భాగాన్ని తెరిచి డాల్బీ డిజిటల్ ట్రాక్ వినిపిస్తుంది. అసలు సరుకు, అంటే నాణ్యత పోకుండా కుదించిన 24 బిట్‌ల ఎంఎల్‌పీ ఆడియో, వేరే ఫోల్డర్‌లో అలాగే పడుంటుంది.

సెకండ్ హ్యాండ్ ప్లేయర్ కొనేటప్పుడు సీడీ ఆడించి చూస్తే సరిపోదు, మీ ఎస్‌ఏసీడీ ఒకటి వెంట తీసుకెళ్లండి. సీడీ చక్కగా ఆడుతూ ఎస్‌ఏసీడీకి ‘నో డిస్క్’ అంటే 650 లేజర్ నీరసించింది, లేదా లెన్స్ మీద దుమ్ముంది. ప్లగ్ తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో లెన్స్‌ని నొక్కకుండా తుడవండి. అయినా చదవకపోతే పికప్ (లేజర్, లెన్స్ ఉండే భాగం) మార్చాల్సిందే. జపాన్ నుంచి వచ్చిన సెట్టయితే వెనక ప్లేట్ మీద 100 వోల్టులని రాసుంటుంది. మన 230లో నేరుగా గుచ్చితే పవర్ సప్లై కాలిపోతుంది. 40 వాట్ల ప్లేయర్‌కి 100 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, అదీ ప్లేయర్‌కి కాస్త ఎడంగా. దగ్గరగా ఉంటే ఆ గుయ్‌మనే హమ్ స్పీకర్లలోకి వస్తుంది.