రెండు తీగలు ఊడదీశాక తేటపడిన బొమ్మ

1982లో వచ్చిన 48కె జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్ ఒకటి నా చేతికొచ్చింది. టీవీకి తగిలిస్తే బొమ్మ వచ్చింది గానీ, పది నిమిషాలు చూస్తే కళ్లు లాగేంత మసక. అక్షరాల పక్కన నీడలు, తెర నిండా చీమలు పాకుతున్నట్టు చుక్కలు. కంప్యూటరే ముసలిదైపోయిందనుకున్నాను.

తప్పు దానిది కాదు. ఆ కాలంలో ఇళ్లలోని చాలా టీవీలకు యాంటెన్నా సాకెట్ తప్ప వేరే దారి లేదు. అందుకని స్పెక్ట్రమ్ తన బొమ్మను యూహెచ్‌ఎఫ్ 36వ ఛానెల్ ప్రసారంలా మార్చి పంపుతుంది, టీవీ దాన్ని మళ్లీ విప్పుకుంటుంది. ఈ మూట కట్టడంలో, విప్పడంలోనే బొమ్మ నలిగిపోతోంది. మూట కట్టేది బోర్డు మూలనున్న రేకు డబ్బా, మాడ్యులేటర్. అందులోకి వెళ్లేది మాత్రం మామూలు కాంపోజిట్ వీడియోనే, అంటే వెలుగూ రంగూ ఒకే తీగలో కలిసి వచ్చే బొమ్మ సిగ్నల్. మరి డబ్బాను తప్పించి, ఆ సిగ్నల్‌నే నేరుగా బయటికి తెస్తే?

డబ్బాలోకి రెండు తీగలు వెళ్తాయి. ఒకటి 5 వోల్టుల కరెంటు, రెండోది వీడియో. రెండూ ఊడదీశాను. డబ్బా మూత తీసి, సాకెట్ నడిమి పిన్నుకు లోపల అతికి ఉన్న రెసిస్టర్ కాలునూ విడదీశాను. ఆ సాకెట్ ఎలాగూ టీవీ వీడియో తీగలు గుచ్చే గుండ్రటి ఆర్‌సీఏ రకమే కాబట్టి పెట్టెకు కొత్త బెజ్జం పెట్టే పాపం తప్పింది. పాత యంత్రాల పెట్టెలకు డ్రిల్లు పెట్టేవాళ్లంటే నాకు పడదు. వీడియో తీగకూ నడిమి పిన్నుకూ మధ్య 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ వేశాను, ప్లస్ కాలు బోర్డు వైపు.

ఆన్ చేస్తే, సిగ్నల్ లేదంది టీవీ. టంకం అంతా మళ్లీ చేశాను. అదే మాట. గంటన్నర తర్వాత బుద్ధొచ్చి మల్టీమీటర్ పెడితే, నేను కలిపిన తీగ మీద కదలకుండా 5 వోల్టులు! వీడియో తీగను వదిలేసి కరెంటు తీగను కలిపాను. కెపాసిటర్ డీసీని, అంటే ఇలా కదలకుండా ఉండే వోల్టేజీని, ఆపేస్తుంది కాబట్టి టీవీ బతికిపోయింది. ముందే కొలిచి ఉంటే రెండు నిమిషాల పని.

తీగ మార్చగానే తెర మీద, ఆన్ చేసినప్పుడు వచ్చే కాపీరైట్ వరుస అచ్చు వేసినట్టు నిలబడింది. శబ్దం సంగతి అడుగుతారేమో, 48కె మోడల్‌కు స్పీకరు దాని పొట్టలోనే ఉంది, టీవీతో పని లేదు.

అంతా బాగుపడలేదు. నీలం మీద ఎరుపు పడినచోట అంచులు ఇంకా పాకుతున్నాయి. వెలుగూ రంగూ ఒకే తీగలో కలిసి వచ్చినంతకాలం అది పోదు. పైగా స్పెక్ట్రమ్ సెకనుకు సుమారు 50 సార్లు 312 గీతల పూర్తి బొమ్మ పంపుతుంటే, నా ఫ్లాట్ టీవీ వాటిని సరి, బేసి గీతల సగం బొమ్మలనుకుని కలిపి కుడుతోంది. బంతి కదిలితే దువ్వెన పళ్లలా చీలిపోతుంది. టీవీలో గేమ్ మోడ్ పెట్టి, 4:3కి మార్చాక కొంత తగ్గింది.

బోర్డు అంచున బయటి పరికరాలు తగిలించే ఎడ్జ్ కనెక్టర్ మీద వెలుగుకూ రంగు తేడాలకూ వై, యు, వి అని విడివిడి పిన్నులున్నాయి. ఈసారి వాటి దగ్గరికి మల్టీమీటర్‌తోనే మొదలుపెడతాను.