నెత్తిన ఎండ, ఊళ్ళోకి వరద

మాది అనంతపురం జిల్లా. మాకు నీళ్ళంటే పైనుంచి పడాల్సిందే. మబ్బు పట్టాలి, ఉరమాలి, పడితే పడ్డట్టు, లేకపోతే లేదు. మా అక్కని కోనసీమలో ఇచ్చాక గానీ నీళ్ళు పక్కనుంచి కూడా వస్తాయని నాకు తెలీలేదు. మొన్న శ్రావణంలో వెళ్ళినప్పుడు ఎండ మాడిపోతోంది. చొక్కా ఒంటికి అంటుకుపోయే ఉక్క. మబ్బు తునక లేదు. ఊళ్ళో మాత్రం జనం పశువుల్ని తోలుకుని ఏటిగట్టు ఎక్కుతున్నారు.

రాజమండ్రిలో రైలు దిగి ధవళేశ్వరం మీదుగా వెళ్ళాను. బ్యారేజీకి 175 గేట్లు. అన్నీ ఎత్తేసి ఉన్నాయి. నీళ్ళు చిక్కటి టీ రంగులో సుళ్ళు తిరుగుతూ, మధ్యమధ్యలో వేళ్ళతో సహా కొట్టుకొచ్చిన చెట్లతో పోతున్నాయి. కాటన్ దొర 1852లో పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో ఈ బ్యారేజీ 1982లో వచ్చింది. దీన్ని దాటాక గోదారి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది. గౌతమికీ వశిష్ఠకీ మధ్య ఉన్నదే కోనసీమ. మూడు వైపులా నది, నాలుగో వైపు సముద్రం అని చిన్నప్పుడు పుస్తకంలో చదివితే ఎంత అదృష్టమో అనుకున్నాను. అక్కడి వాళ్ళు ఆ మాట వేరే గొంతుతో చెబుతారు.

అక్కావాళ్ళది పి.గన్నవరం దగ్గర పల్లెటూరు. గన్నవరంలో కింద వైనతేయ పారుతుంటే దాని మీద కట్టిన వంతెనలో పంట కాలువ అడ్డంగా దాటిపోతుంది. కొత్తగా కట్టిన అక్విడక్టుకి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల్లో, అంటే ఏటి మధ్య దీవుల్లో, దారి తప్పినవాళ్ళకీ, రేవు దాటలేక ఆగిపోయినవాళ్ళకీ వేళ కాని వేళ అన్నం పెట్టిన ఇల్లాలు ఆవిడ. ఆ వరదల్లో పడవ కోసం కాసేపు నిలబడి చూస్తే, అక్కడ అన్నం పెట్టే మనిషికి అంత పేరెందుకొచ్చిందో అర్థమవుతుంది.

ఇంట్లో అడుగుపెట్టేసరికి మా బావగారు ఫోన్ పట్టుకుని ఉన్నారు. మంచీ చెడూ అడక్కుండానే "భద్రాచలంలో నలభై ఎనిమిది దాటింది బావా" అన్నారు. అక్కడ 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడ పెరిగిన నీరు ఇక్కడికి చేరడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. ఆ ఒక్క రోజులోనే లంకలో ఉన్నవన్నీ సర్దుకోవాలి. వీళ్ళు తమ ఊళ్ళో వాన పడుతుందా లేదా అని పెద్దగా పట్టించుకోరు. ఎక్కడో మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో ఎంత కురిసిందో అడుగుతారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటిన వరద పెద్దవాళ్ళకి కొలమానం. కుర్రాళ్ళకి 2022 జులై, 71 అడుగులు. ఏ కాస్త నీరు పెరిగినా ఆ రెండిటితో పోల్చి చూసుకుని అప్పుడు నిద్రపోతారు.

మర్నాడు చాకలిపాలెం వైపు వెళ్ళాం. అక్కడినుంచి కనకాయలంకకి ఉన్న కాజ్‌వే అప్పటికే మునిగిపోయింది. ఇవతల రోడ్డు మీద వరసగా బైకులు ఆపేసి ఉన్నాయి. పడవలోంచి పాల క్యాన్లు దిగుతున్నాయి, ఇటునుంచి కూరగాయల సంచులు, గ్యాస్ సిలిండర్ ఎక్కుతున్నాయి. యూనిఫాం వేసుకున్న ఒక పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, పడవ అంచు మీద కూర్చుని హోంవర్కు రాసుకుంటోంది. నేను చేతులతో రెండు వైపులా పడవని పట్టుకుని కూర్చుంటే నావైపు చూసి నవ్వింది కూడా. నీటి అంచున ఒక ముసలాయన వెదురు పుల్ల గుచ్చి పక్కనే కూర్చున్నాడు. చుట్ట కాలుస్తూ, పుల్ల దగ్గర నీరు జానెడు పైకి వచ్చేసరికి లేచి, దాన్ని పీకి ఇంకాస్త వెనక్కి గుచ్చి మళ్ళీ కూర్చున్నాడు. అడిగితే "పోటు మీదుందండి, సముద్రం తీసుకోవట్లేదు" అన్నాడు. పౌర్ణమి దగ్గరపడింది. సముద్రం పోటు మీద ఉంటే వరద నీరు తొందరగా లాగదు, డ్రెయిన్లూ వెనక్కి తంతాయి. అందుకే గట్టు తెగకపోయినా చేలల్లో ఊడ్చిన వరి రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోతుంది. 2011లో ఇక్కడి రైతులు సార్వా (ఖరీఫ్ వరి) వేయకుండా పంట విరామం ప్రకటించడానికి గిట్టుబాటు ధర లేకపోవడంతో పాటు ఈ మురుగు బాధ కూడా ఒక కారణం.

ఈ ఎర్ర నీరు వచ్చినప్పుడే పులస కూడా వస్తుంది. సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని ఇలస అంటారు, ఏటికి ఎదురీదుతూ వస్తే పులస. బావగారు ఎవరికో చెప్పి తెప్పించారు. అక్క మట్టి దాకలో పులుసు పెట్టి, ఆ పూటకి ముట్టుకోవద్దని, మర్నాడు వడ్డించింది. రుచి బాగుంది, కాదనను. కానీ ఆ ముళ్ళు! పుస్తెలమ్మి అయినా తినాలన్నంత అయితే నాకేమీ అనిపించలేదు. ఆ మాట పైకి అన్నందుకు బావగారు రెండు పూటలు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

వరదంటే వీళ్ళకి తిట్టుకుంటూనే అలవాటైన చుట్టం. తుఫాను అలా కాదు. అక్క అత్తగారు 1996 నవంబరు 6 రాత్రి గురించి చెబుతారు. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. గాలి మొదట ఒక దిక్కునుంచి కొట్టి, కాసేపు ఆగి, మళ్ళీ రెండో దిక్కునుంచి వచ్చిందట. ఆగినప్పుడు అయిపోయిందనుకుని బయటికి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు మొవ్వులు మెలితిరిగి పడి ఉన్నాయి. ఆ కొబ్బరి దింపుల మీదే ఆడపిల్లల పెళ్ళిళ్ళు, పిల్లల చదువులు నడిచేవి. కొత్త మొక్క పెట్టి కాపు చూడాలంటే ఐదారేళ్ళు. ఆవిడ గాలి మాట చెప్పేటప్పుడు గొంతు మామూలుగానే ఉంటుంది గానీ, నవంబరులో అల్పపీడనం అని టీవీలో వినబడితే మాత్రం లేచి దొడ్లో బిందెలూ బకెట్లూ లోపల పెట్టేస్తారు.

ఆ నెలలోనే సార్వా కోతలు. ఒకసారి ఆ టైంలో ఉన్నాను, ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. కోసిన పనలు చేలో ఉన్నాయి, కొంత ధాన్యం రోడ్డు పక్కన ఆరబోసి ఉంది. పొద్దున ఎండ, మధ్యాహ్నం మబ్బు, సాయంత్రం తుంపర. బరకాలు కప్పడం, తీయడం, మళ్ళీ కప్పడం. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కొర్రీ. మా ఊళ్ళో మబ్బు పడితే దణ్ణం పెట్టుకుంటాం, ఇక్కడ దాన్ని చూసి తిట్టడం నేను చెవులారా విన్నాను.

సంక్రాంతికి వెళ్తే మాత్రం ఇదే ఊరా అనిపిస్తుంది. పొద్దున ఎనిమిదైనా కొబ్బరి తోటల్లో మంచు విడవదు. కనుమ నాడు జగ్గన్నతోటకి పదకొండు మంది రుద్రుల ప్రభలు, అంటే రంగు బట్టలతో అలంకరించిన ఎత్తైన వెదురు చట్రాలు వస్తాయి. గంగలకుర్రు వాళ్ళ ప్రభల్ని భుజాల మీద మోస్తూ, పచ్చటి చేలల్లోంచి, కౌశిక ఏటి నీళ్ళలో దిగి తీసుకొస్తారు. తొక్కిన చేను ఎవరిదైనా ఆ రైతు పల్లెత్తు మాట అనడు, తన చేలోంచి ప్రభ వెళ్ళడం మంచిదంటాడు.

వేసవి గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. కాలువలు కట్టేస్తారు. కట్టేముందే ఊరి చెరువు నింపుకోవాలి, లేకపోతే తాగడానికి ఉండవు. సముద్రం వైపు ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పు నీళ్ళు. ఇన్ని నదీపాయల మధ్య ఉండి మంచినీళ్ళ టిన్ను కొనుక్కోవడం నాకు ఇప్పటికీ విచిత్రంగానే ఉంటుంది.

ఇక ఈసారి వరద మూడో హెచ్చరిక దాకా వెళ్ళకుండానే తీసింది. కానీ లంకలో బావగారి అరటి మునిగింది. నీరు రాకముందే కోసిన గెలల్ని రావులపాలెం మార్కెట్‌కి వేస్తే, లంకల వాళ్ళందరూ అదే పని చేయడంతో ధర పడిపోయింది. నేను బయల్దేరే రోజు ఆయన ఫోన్‌లో పిలకల కోసం బేరమాడుతున్నారు.

"మళ్ళీ లంకలోనే వేస్తారా?" అన్నాను.

"ఒండ్రు పడింది అక్కడేగా బావా, ఇంకెక్కడ వేస్తాం?" అని, అవతలివాడితో పిలకకి ఇంకో రూపాయి తగ్గించమన్నారు.