ఆన్ కాని పాత లాప్‌టాప్: నాలుగు ఆదివారాల పని వివరాలు

మా అక్క ఎంసీఏ చదివే రోజుల్లో, 2011లో, కొనుక్కున్న లాప్‌టాప్ ఏడేళ్లుగా తిరుపతి కొర్లగుంటలోని మా ఇంటి అటక మీద ఉండిపోయింది. ఒకనాడు ఉన్నట్టుండి ఆన్ కావడం మానేస్తే ఊళ్లోని ఒక దుకాణంలో చూపించాము. వాళ్లు ప్లగ్గు పెట్టి చూసి, మదర్‌బోర్డు పోయిందని చెప్పి తిరిగి ఇచ్చేశారు. ఈ ఏడు మేనకోడలు ఇంటర్‌లో చేరి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటానంటోంది కనుక, దానిని కిందికి దించి నేనే చూద్దామని కూర్చున్నాను. నా దగ్గర ఉన్నవి ఒక మామూలు డిజిటల్ మల్టీమీటరు, రెండు సోల్డరింగ్ ఐరన్లు, సోల్డరు చక్కగా కరిగి పారడానికి పూసే ఫ్లక్సు, చిన్న స్క్రూడ్రైవర్లు మాత్రమే. ఏ విడిభాగమూ ముందుగా కొనకూడదని, కొలిచి తేలినదానినే మార్చాలని మొదటే నిర్ణయించుకున్నాను.

మొదటి ఆదివారం అడాప్టరుతోనే గడిచింది. గోడ ప్లగ్గుకు పెడితే దాని మీది పచ్చ లైటు నిలకడగా వెలిగింది. రెండో కొసను లాప్‌టాప్‌కు గుచ్చగానే ఆరిపోయి, ఆ తరువాత సెకనుకొకసారి మిణుక్కుమంటూ ఉండిపోయింది. ఊడదీస్తే కొద్దిసేపటికి మళ్లీ మామూలుగా వెలిగింది. ఈ ఒక్క గుర్తులోనే సగం సమాధానం ఉందని నా అభిప్రాయం. అడాప్టరు తన మీద పడిన భారాన్ని మోయలేక తనను తాను ఆపుకుని, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందన్నమాట. అందుకు కారణం అడాప్టరు బలహీనపడటమైనా కావాలి, లాప్‌టాప్ లోపల షార్ట్ అయినా కావాలి. బ్యాటరీ తీసేసి, అడాప్టరు ఊడదీసి, పవర్ బటన్‌ను ముప్పై సెకన్లు నొక్కి పట్టే చిట్కా కూడా చేసి చూశాను. లోపల మిగిలిన ఛార్జి వల్ల బోర్డు మొరాయించినప్పుడు అది పనిచేస్తుంది గాని, లైటు ఇలా మిణుకుతున్నప్పుడు దాని వల్ల ప్రయోజనం లేదు.

అడాప్టరు మీద 19 వోల్టులు, 3.42 ఆంపియర్లు అని ఉంది. మీటరును 20 వోల్టుల డీసీ రేంజిలో పెట్టి కొలిస్తే 19.1 చూపింది. అయితే ఏ భారమూ లేనప్పుడు చూపే వోల్టేజీని నమ్మకూడదు, ఎందుకంటే లోపలి కెపాసిటర్లు (ఛార్జిని నిలవ ఉంచే భాగాలు) ఎండిపోయిన అడాప్టరు కూడా ఖాళీగా ఉన్నప్పుడు చక్కగా 19 చూపించి, కరెంటు అడగగానే కుప్పకూలుతుంది. అందుకని కారు ఇండికేటరుకు వాడే 12 వోల్టుల, 21 వాట్ల బల్బులు రెండింటిని సిరీస్‌లో కలిపి దానికి తగిలించాను. చల్లటి ఫిలమెంటు మొదటి క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి లైటు ఒక్కసారి మిణికింది. తరువాత బల్బులు రెండూ నిలకడగా వెలిగాయి. ఆ జత సుమారు ఒకటిన్నర ఆంపియర్లు లాగుతుంది. పది నిమిషాలు ఉంచినా వోల్టేజీ 18.8 కంటే తగ్గలేదు. అడాప్టరు బాగానే ఉందని, తప్పు లాప్‌టాప్ లోపలే ఉందని దానితో తేలిపోయింది. అడాప్టరు డబ్బాను మాత్రం ఎవరూ విప్పవద్దని కోరుతున్నాను. మన ఇళ్లకు వచ్చే 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చినప్పుడు లోపలి పెద్ద కెపాసిటరులో సుమారు 325 వోల్టులు నిలుస్తాయి, ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు అవి అక్కడే ఉండవచ్చు.

రెండో ఆదివారం విప్పడం. అన్నిటికన్నా ముందు హార్డ్ డిస్కును బయటికి తీసి జాగ్రత్త చేశాను, ఎందుకంటే అక్క పెళ్లి ఫొటోలు అందులోనే ఉన్నాయి. స్క్రూలు నాలుగు పొడవుల్లో ఉన్నాయి. పొడవాటిది పొట్టిదాని రంధ్రంలో బిగిస్తే అది బోర్డుకే గుచ్చుకునే ప్రమాదం ఉంది కనుక, ఒక అట్ట మీద లాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూను ఎక్కడ తీశానో అక్కడే అట్టకు గుచ్చాను. కీబోర్డు నుంచి వచ్చే పల్చటి పట్టీ కేబుల్‌ను లాగకుండా, దాని కనెక్టరు మీది సన్నని మూతను గోటితో పైకి లేపిన తరువాతే బయటికి తీయాలి.

మీటరును 200 ఓముల రేంజిలో పెట్టి, ముందుగా రెండు వైర్లను ఒకదానికొకటి తాకించి చూస్తే 0.2 వచ్చింది, అది వైర్లదే. ఛార్జింగ్ జాక్ నడిమి పిన్నుకు, బయటి రేకుకు మధ్య కొలిస్తే 0.6. అంటే 19 వోల్టుల దారికి, గ్రౌండుకు (కరెంటు తిరిగి వెళ్లే దారికి) మధ్య 0.4 ఓములే ఉంది. పూర్తి షార్ట్ కిందే లెక్క. ఈ లాప్‌టాప్‌లో జాక్ విడిగా ఒక చిన్న కేబుల్‌తో బోర్డుకు కలుస్తుంది. ఆ కేబుల్ ఊడదీసి జాక్‌ను మాత్రమే కొలిస్తే మీటరు 1 చూపింది. అది ఒక ఓము కాదు, కొలత రేంజికి మించిందని మీటరు చెప్పే పద్ధతి, అంటే అక్కడ కలయిక ఏమీ లేదు. బోర్డు వైపు మాత్రం అదే 0.6. దానితో జాక్ మీద అనుమానం పోయింది.

షార్ట్ ఉందని తెలిసింది గాని ఎక్కడుందో మీటరు చెప్పదు. బైరాగిపట్టెడలో ఉండే మా మామ ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవారు, వోల్టేజీనీ కరెంటునూ మనమే నిర్ణయించుకోగల పవర్ సప్లై ఆయన దగ్గర ఉంది. మూడో ఆదివారం దానిని అడిగి తెచ్చుకున్నాను. ఇస్తూ ఆయన “ఒక వోల్టు దాటనీయొద్దురా నాయనా” అన్నారు. ఆ మాట వెనుక కారణం ఉంది. కరెంటు ఎటు పోతుందో తెలియని దారిలోకి 19 వోల్టులు ఎక్కిస్తే, మాస్‌ఫెట్ (కరెంటును వదిలే, ఆపే స్విచ్చులాంటి భాగం) ఏదైనా షార్ట్ అయి ఉన్నప్పుడు ఆ వోల్టేజీ నేరుగా ప్రాసెసరుకు చేరి దానిని చంపేయవచ్చు. ఒక వోల్టుతో ఆ భయం చాలావరకు ఉండదు.

బోర్డు మీద జాక్ కేబుల్ కలిసే కనెక్టరు పక్కనే నువ్వుగింజ కన్నా చిన్నవి, గోధుమరంగువి, కెపాసిటర్లు మూడు వరుసగా ఉన్నాయి. ఆ చోటంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్షు ముంచి తడిపి, కనెక్టరు నుంచి ఒక వోల్టు ఇచ్చాను. షార్ట్ అయిన భాగం వేడెక్కి, తన చుట్టూ ఉన్న తడిని ముందుగా ఆరబెడుతుంది. సప్లై రెండు ఆంపియర్లు చూపింది. ట్యూబ్‌లైటు వెలుతురులో తళతళమంటున్న ఆ తడి పొర, నాలుగైదు సెకన్లలో మధ్య కెపాసిటరు చుట్టూ మాత్రం గుండ్రంగా వెనక్కి జరిగి ఆరిపోయింది. అటూ ఇటూ ఉన్న రెండూ తడిగానే మెరుస్తున్నాయి. నమ్మలేక మరో రెండుసార్లు తడిపి చూశాను, రెండుసార్లూ అదే ఆరింది. పైకి దాని మీద మచ్చ గాని పగులు గాని కనిపించలేదు. ఈ రకం సిరామిక్ కెపాసిటర్లలో పల్చటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. బోర్డు కొద్దిగా వంగినా లోపల పగులు పడి పొరలు కలిసిపోవచ్చు. ఇది ఒక స్క్రూ రంధ్రాన్ని ఆనుకునే ఉంది, లాప్‌టాప్‌ను ఒక్క చేత్తో ఒక మూల పట్టుకుని ఎత్తే అలవాటు మా ఇంట్లో అందరికీ ఉంది. కారణం అదేనని నా అంచనా.

రెండు వైపులా ఫ్లక్సు పూసి, రెండు ఐరన్లతో ఒకేసారి వేడిచేస్తే అది తేలికగా ఊడి వచ్చింది. మళ్లీ కొలిస్తే అంకె కిలోఓముల్లోకి ఎగబాకుతూ పోయింది. మిగిలిన కెపాసిటర్లు మీటరు నుంచే ఛార్జి తీసుకుంటున్నాయనడానికి అది గుర్తు. ఈ కెపాసిటర్ల మీద ఏ అంకె ముద్రించి ఉండదు కాబట్టి, దేని నుంచి పడితే దాని నుంచి తీసిపెడితే ఎన్ని వోల్టులకు తట్టుకుంటుందో తెలియదు. అందుకని మరొక చచ్చిన లాప్‌టాప్ బోర్డులో ఇదే 19 వోల్టుల దారిలో ఉన్న, ఇదే పరిమాణం గలదానిని ఊడదీసి, 0.1 మైక్రోఫారడ్ అని కొలిచి చూసుకుని పెట్టాను.

అడాప్టరును నేరుగా కలపడానికి ధైర్యం చాలలేదు. మొదటి వారం వాడిన బల్బుల జతనే దారి మధ్యలో పెట్టాను. లోపల ఇంకా షార్ట్ ఉంటే అవి వెలుగుతాయి, బోర్డుకు హాని జరగదు. వెలగలేదు. బల్బులు తీసేసి నేరుగా పెడితే పచ్చ లైటు కదలకుండా నిలిచింది. బటన్ నొక్కగానే ఫ్యాన్ తిరిగింది గాని తెర నల్లగానే ఉంది. రెండు జీబీల ర్యామ్ ముక్కలు రెండింటినీ తీసి, బంగారు రంగు అంచులను రబ్బరుతో మెల్లగా రుద్ది, తుడిచి, ఒక్కొక్కటే పెట్టి చూశాను. మొదటిదానికే తెర వెలిగి, తేదీ తప్పని చెబుతూ 2010 జనవరి 1 చూపించింది. లోపలి నాణెం బ్యాటరీ, సీఆర్2032, మూడు వోల్టులు ఇవ్వవలసింది 2.1కి పడిపోయి ఉంది. దానిని మార్చాను.

నాలుగో ఆదివారం ఫ్యాన్ దుమ్ము దులిపి, ప్రాసెసరు వేడిని బయటికి చేర్చే, సున్నంలా గట్టిపడిన థర్మల్ పేస్టును తుడిచి కొత్తది పూసి, హార్డ్ డిస్కు బదులు 240 జీబీల ఎస్ఎస్‌డీ వేసి లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. పాత హార్డ్ డిస్కును యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి ఫొటోలన్నీ తీసుకున్నాము. బ్యాటరీ మాత్రం ఛార్జి నిలుపుకోవడం లేదు. కరెంటు పోతే వెంటనే ఆరిపోతుంది కనుక, రాసుకున్నది ఎప్పటికప్పుడు సేవ్ చేసుకోమని మేనకోడలికి చెప్పి, కొత్త బ్యాటరీ కోసం పాతదాని మీది మోడల్ నంబరు రాసుకున్నాను.