ఎనలిటికల్ వారికి అర్హత లేదట

చిన్నది నిద్రపోయింది, ఆయనకు ఈ వారం కూడా రాత్రి షిఫ్టే. పడుకోవలసిన నేను మాత్రం మధ్యాహ్నం నోటీసు బోర్డు మీద చదివిన ఒక్క వాక్యాన్నే తలచుకుంటూ కూర్చున్నాను. మా మందుల కంపెనీ ఆర్ అండ్ డీలో (పరిశోధన విభాగంలో) ఒక ఖాళీ ఉందట, ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివినవారు మాత్రమే దరఖాస్తు చేయాలట. ఇన్నేళ్లుగా వాళ్ల శాంపిళ్లు పరీక్షించి, ఏ ఇంప్యూరిటీ (మలినం) ఏ దశలో పుడుతోందో వాళ్లకే చెప్పిన నాకు, సర్టిఫికెట్ మీద ఎనలిటికల్ కెమిస్ట్రీ, అంటే పదార్థంలో ఏముందో పరీక్షించే శాఖ, అని ఉన్నందుకు అర్హత లేదు. హెచ్ఆర్ అమ్మాయిని అడిగితే "రూల్ అంతే మేడమ్" అని నవ్వింది. ఆ నవ్వే ఎక్కువ మండించింది.

ఎమ్మెస్సీ సీట్ల కౌన్సెలింగ్ రోజు గుర్తుకొస్తోంది. ర్యాంకుల వారీగా పిలుస్తూ ఉంటే ఆర్గానిక్ సీట్లే ముందుగా అయిపోయాయి. అవి అలా అయిపోవడానికి కారణం ఉంది: 1970 నాటి పేటెంట్ల చట్టం మందుల విషయంలో తయారీ పద్ధతికే తప్ప మందుకు పేటెంటు ఇవ్వలేదు కనుక, అదే మందును వేరే దారిలో తయారుచేయగలిగిన ఆర్గానిక్ వారికే హైదరాబాదు కంపెనీలు పెద్దపీట వేశాయి. 2005లో చట్టం మారినా ఆ మోజు తగ్గలేదు. నా వంతు వచ్చేసరికి ఫిజికల్, ఎనలిటికల్ మిగిలాయి. నాన్నగారు పక్క కుర్చీలోని ముక్కూమొహం తెలియని పెద్దమనిషిని "దేనికి ఉద్యోగం వస్తుందండీ?" అని అడిగారు. "మందుల కంపెనీలో మిషను దగ్గర పని కావాలంటే ఎనలిటికల్ తీసుకోమనండి" అన్నాడాయన. క్యూసీ (నాణ్యత పరీక్షల విభాగం), హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే మిషను), ఆడిట్లు, ఈ జీతం, ఈ ఇంటి లోను, అన్నీ ఆ ఒక్క మాట నుంచి వచ్చినవే.

ఇక్కడిదాకా రాశాక, ఆ పెద్దమనిషిని తిట్టుకోవడం న్యాయం కాదనిపిస్తోంది. 2018లో వాల్సార్టాన్ అనే బీపీ మందులో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న మలినం బయటపడినప్పుడు, అతి స్వల్పంగా ఉండే ఆ పదార్థాన్ని మామూలు హెచ్‌పీఎల్‌సీ పరీక్షలు పట్టుకోలేకపోయాయి. ఆ తరువాతే మా ల్యాబుకు అంత స్వల్ప మోతాదునూ పట్టుకోగల మాస్ స్పెక్ట్రోమీటరు వచ్చింది, దాని మీద శిక్షణకు నన్నే పంపారు. ఆర్గానిక్ సీటు దొరికి ఉంటే ఆ పని నా చేతికి వచ్చేది కాదు.

అయితే ఆ ఎన్‌డీఎంఏ అసలు ఎలా పుట్టింది? మందు తయారీలో మిగిలిపోయిన ఎజైడు అనే రసాయనాన్ని నాశనం చేయడానికి వేసిన నైట్రైటు, ద్రావణిగా వాడిన డీఎంఎఫ్ అనే ద్రవం నుంచి వచ్చిన డైమిథైల్ అమీనుతో చర్య జరపడం వల్ల. అది అచ్చమైన ఆర్గానిక్ కెమిస్ట్రీ. అది తెలియకపోతే ఫలానా ఇంప్యూరిటీ కోసం వెతకాలన్న ఆలోచనే మా క్యూసీ వాళ్లకు రాదు. అలాంటప్పుడు ఆ రూలుకు అర్థమేమిటి?

ఈరోజు హెచ్‌పీఎల్‌సీలో కొత్త కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం) మీద, చాలాకాలంగా విసిగిస్తున్న రెండు పీకులు (గ్రాఫులో ఒక్కో పదార్థాన్ని చూపే శిఖరాలు) చక్కగా విడిపోయాయి. ఆ సంగతి రాద్దామనే మొదలుపెట్టాను.

రేపు దరఖాస్తు ఇస్తాను, స్పెషలైజేషన్ గడిలో ఎనలిటికల్ అనే రాసి ఇస్తాను. ఆయనకు ఇంకా చెప్పలేదు. జీతం పెరుగుతుందా అని మొదట అదే అడుగుతారు, పెరగదు.