తాడు పట్టుకునే చేతులు

పద్యనాటకానికి తెర లాగేవాడికి పద్యాలన్నీ నోటికి రావాలి. రాగం ఎక్కడ ముగుస్తుందో, ‘వన్స్‌మోర్’ కేక పడితే నటుడు మళ్లీ ఎక్కడ ఎత్తుకుంటాడో తెలియకుండా తాడు పట్టుకోకూడదు. చెరువుగట్టు జాతర రోజుల్లో ఆడినప్పుడు కృష్ణ పాత్రధారికి వన్స్‌మోర్ మీద వన్స్‌మోర్! హార్మోనియం వాయించే పెద్దాయన కనుసైగ కోసం పక్కతెర చాటున ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. రాజసభ తెర చుట్టి అడవి తెర దించేది, సింహాసనం మోసేది, జారిన కిరీటానికి దారం కట్టేది మేమే. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి వారి నాటకాల్లో బాణాలు గాలిలో ఢీకొంటే, ఆ చప్పట్లు తెర వెనుక పనితనానికే కదా! మరి కరపత్రంలో ఆ పనివాళ్ల పేర్లు ఎందుకు ఉండవు? నల్లగొండలో ఆడబోయే నాటకానికి మా వాళ్ల పేర్లూ వేయించమని మా నాటక సమాజం పెద్దలను అడిగాను. ఒప్పుకున్నారు.